టేపు మీది నల్లగీతలు

ఆసుపత్రిలో నన్ను అందరూ పాఠాలక్క అంటారు. ఎగతాళిగా మొదలైన పేరే గానీ, నాకు నచ్చింది కాబట్టి నేనే దాన్ని నిలబెట్టుకున్నాను. కంటికి కనబడిన ప్రతిదాంట్లోనూ నాకు దేవుడి పాఠం ఒకటి దొరుకుతుంది. సూదిలోకి దారం ఎక్కకపోతే పాఠం, బస్సు తప్పిపోతే పాఠం, పాలు పొంగిపోతే పాఠం. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల కూటంలో పది నిమిషాలు అలాంటిదొకటి చెప్తాను. ఒకసారి మా ఇంట్లో కుళాయి కారడం గురించి చెప్తే ఇద్దరు ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. మా ఆయన మాత్రం ఇంటికొచ్చాక, "పాఠం చెప్పింది నువ్వు, వాషర్ మార్చింది నేను," అన్నాడు. ఆయనకు ఏదీ ఒక పట్టాన నచ్చదు లెండి.

నా పని ఆసుపత్రి కింది అంతస్తులో, ఆపరేషన్ సామాను సిద్ధం చేసే గదిలో. కడిగి వచ్చిన కత్తులు, కత్తెరలు, పట్టకార్లు ట్రేలో పేర్చి, రెండు పొరల గుడ్డలో చుట్టి, పైన టేపు అంటించాలి. ఆ మూటను మేం ప్యాక్ అంటాం. ప్యాకులన్నీ ఆవిరి మిషన్లోకి వెళ్తాయి. టేపు మీద లేత రంగు గీతలుంటాయి, ఆవిరి తగిలితే అవి నల్లబడతాయి. అయితే టేపుకు తెలిసేది పైసంగతే. అందుకే ట్రే మధ్యలో ఒక తెల్ల చీటీ పెడతాం. ఆవిరి లోపలిదాకా వెళ్తేనే ఆ చీటీ నల్లబడుతుంది. పైన థియేటర్లో ప్యాక్ విప్పగానే ముందు చీటీ చూడాలి, ఆ తర్వాతే సామాను ముట్టుకోవాలి. అదీ పద్ధతి.

ఇంత చక్కటి పాఠాన్ని నేను వదుల్తానా? పోయినేడు చెప్పేశాను. మనిషికి పైన టేపు నల్లబడితే చాలదు, లోపలి చీటీ కూడా నల్లబడాలి అన్నాను. "నల్లబడాలంటే బాగుండదేమో అక్కా, మారాలి అను," అని ఎవరో సలహా కూడా ఇచ్చారు. ఆ పాఠానికి వచ్చినన్ని మెచ్చుకోళ్ళు ఇంక దేనికీ రాలేదు. పనిలో పనిగా ఇంకో ముక్క కూడా చెప్పుకున్నాను. మా థియేటర్ సిస్టర్ ఒకసారి అందరి ముందూ, "పాఠాలక్క చుట్టిన ప్యాక్ అయితే చీటీ చూడక్కర్లేదు," అంది. దాన్ని దేవుడిచ్చిన మంచిపేరని చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. సిగ్గుపడినట్టు తల దించుకున్నాను గానీ, లోపల ఎంత పొంగిపోయానో నాకే తెలుసు.

ఇక శుక్రవారం సంగతి.

ఆ ఆదివారం మామూలు కూటం కాదు. పక్క సంఘాల స్త్రీలు కూడా వస్తున్నారు. పాస్టరు గారి భార్య, మేం అమ్మగారు అంటాం, నాకు అరగంట ఇచ్చారు. శుక్రవారం పొద్దుటికి కూడా నాకు పాఠం కుదరలేదు. చేతులు ప్యాకులు చుడుతున్నాయి, బుర్ర మాత్రం హాల్లో మైకు పట్టుకుని తిరుగుతోంది. పన్నెండు ప్యాకులు చుట్టాను. మిషన్లో పదకొండే పట్టాయి. పన్నెండోది తర్వాతి విడతకని బల్ల చివర పెట్టాను. ఇంతలో అమ్మగారి ఫోన్ వస్తే వరండాలోకి వెళ్ళాను. మాటల్లో పడి ముప్పావుగంట పట్టింది. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. ఉంటే ఉందిలే, బాబాయ్ రెండో విడతలో పెట్టేసి ఉంటాడనుకున్నాను.

మిషన్ చూసేది బాబాయ్. నాకు వరసేమీ కాదు, ఆసుపత్రి మొత్తానికి ఆయన బాబాయే. ఇంకో రెండేళ్ళు చేస్తే పెన్షన్. దేవుడి మాటెత్తితే, "నాకు నా మిషన్ చాలమ్మాయ్," అని చెయ్యి ఊపేస్తాడు. పాపం, ఆ మిషన్ వల్లే రెండుసార్లు మాట పడ్డాడు. తలుపు సరిగ్గా బిగించక ఒకసారి, వేడి చాలకుండానే తీసి ఒకసారి. సూపరింటెండెంట్ గారు రెండు కాగితాలు చేతికిచ్చి, మూడోది ఇస్తే నేరుగా ఇంటికే అన్నారు. అప్పటినుంచీ బాబాయ్ మిషన్ ముళ్ళు చూస్తూ నుంచునే టీ తాగుతాడు.

పది దాటింది. చేతులు కడుక్కుందామని కోటు చెయ్యి పైకి మడుస్తుంటే ఏదో జిగురుగా తగిలింది. చూశాను. మోచేతి దగ్గర టేపు ముక్క. దాని మీది గీతలు ఇంకా లేతగానే ఉన్నాయి.

నాకో అలవాటుంది. ఎన్ని ప్యాకులుంటే అన్ని టేపు ముక్కలు ముందే కోసి కోటు చేతికి వరసగా అంటించుకుంటాను. ఒక్కోటి పీకుతూ ఒక్కో ప్యాకుకు వేసేస్తాను, పని చకచకా అయిపోతుంది. పొద్దున పన్నెండు కోశాను. పన్నెండోది నా చేతి మీదే ఉంది. అంటే ఒక ప్యాకుకు నేను టేపు వెయ్యలేదు. వెయ్యకపోతే అది విడిపోవాలి కదా? విడిపోలేదు. ఎందుకు విడిపోలేదో అప్పుడు తట్టింది. చుట్టే గుడ్డలు లాండ్రీ నుంచి వస్తాయి. ఒక్కోసారి పాత టేపు ఊడకుండా వస్తుంది. దాన్ని పీకి పారెయ్యడం నా మొదటి పని. పీకలేదు. పైగా పరధ్యానంగా ఆ పాత టేపునే నొక్కి ప్యాక్ మూసేశాను. పాత టేపు మీద గీతలు ఎప్పుడో నల్లబడి ఉంటాయి. ఆ ప్యాక్ మిషన్ మొహం చూసినా చూడకపోయినా, పైకి ఉడికినట్టే కనబడుతుంది.

"బాబాయ్, పొద్దున మిషన్లో ఎన్ని పెట్టావ్?"

"పదకొండు. కాగితంలో రాశానుగా. ఏం?"

"రెండో విడత?"

"ఇంకా ఎక్కడ? నువ్వు చుట్టందే."

"మరి బల్ల చివర పెట్టిన ప్యాక్?"

"అదా? నల్లగీతలున్నాయి కదా, చల్లారడానికి నేనే అక్కడ పెట్టి మర్చిపోయాననుకున్నా. తీసి అలమరలో సర్దేశా."

అలమర దగ్గరికి పరుగెత్తాను. ఆరు ప్యాకులున్నాయి. ఒక్కోటీ తీసి చూశాను. అన్నిటికీ కొత్త టేపే. పాత టేపు ఉతుకుల్లో నలిగి అంచులు పీచులుగా ఉంటుంది, చూస్తే నాకు తెలిసిపోతుంది. అది ఇక్కడ లేదు. మిగతా ఆరూ అప్పటికే పైకి వెళ్ళిపోయాయి. ఫోన్ ఎత్తి థియేటర్ నంబరు నొక్కాను. మోగింది, మోగింది, ఎవరూ తీయలేదు.

"చీటీ ఉంటుంది కదమ్మాయ్," అన్నాడు బాబాయ్. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "లోపల చీటీ తెల్లగా ఉంటే సిస్టర్ చూస్తుంది కదా."

"చూడదు బాబాయ్. నా ప్యాకుకు చూడదు."

"అలమరలో పెట్టింది నేను," అన్నాడాయన. "ఇది మూడోదా?"

నేను అప్పటికే మెట్లు ఎక్కుతున్నాను. లిఫ్ట్ కోసం ఆగే ఓపిక లేదు.

మూడంతస్తులు. ప్రభువా అని మొదలుపెట్టాను, ఆ తర్వాత మాట రాలేదు. ఎవరో ఒక ఆడమనిషో మగమనిషో బల్ల మీద మత్తులో పడుకుని ఉంటారు. ఉడకని కత్తి ఒంట్లో దిగుతుంది. వారం తర్వాత జ్వరమొస్తుంది, చీము పడుతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఇదంతా ఒకపక్క. రెండోపక్క, సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆదివారం హాలు. నిండిన హాలు, నా అరగంట. ఆ రెండిటి మధ్యా రెండో అంతస్తు దగ్గర ఒక మాట దానంతటదే తయారైపోయింది. మిషన్లో ఏదో తేడా వచ్చింది, పొద్దుటి ప్యాకులు వాడకండి. అంతే. ప్యాకులు వెనక్కి వచ్చేస్తాయి, రోగికి ఏమీ కాదు, నాకూ ఏమీ కాదు. మిషన్‌కి నోరుందా ఏమన్నా? ఆ మిషన్ పక్కన ఒక మనిషి నుంచుని ఉన్నాడన్న సంగతి నాకు తట్టలేదని చెప్తే అబద్ధమే. తట్టింది. పక్కకు నెట్టేశాను.

పైన థియేటర్ల ముందు నేల మీద ఎర్రగీత ఉంటుంది. మామూలు చెప్పులతో, మామూలు బట్టలతో ఆ గీత దాటకూడదు. గీతకు ఇవతల బెంచీ మీద ఒకాయన భార్య చెప్పులు ప్లాస్టిక్ కవర్లో వేసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నా ఆయాసం చూసి లేచి నుంచున్నాడు. "ఏమైందండీ? లోపల మా ఆవిడండీ, ఇప్పుడే తీసుకెళ్ళారు," అన్నాడు. నేను అద్దాల తలుపు మీద దబదబా బాదాను.

సిస్టర్ తొంగిచూసింది. మాస్క్ పైన కళ్ళు చిరాగ్గా ఉన్నాయి.

"ఏంటక్కా ఆ కొట్టుడు? రెండు గదుల్లోనూ నడుస్తున్నాయి!"

"సిస్టర్, మిషన్లో ఏదో తేడా వచ్చినట్టుంది. పొద్దుటి ప్యాకులు వాడకండి."

అనేశాను. ఎంత నున్నగా జారిందో ఆ మాట! ఇప్పటికీ నా చెవులకు వినబడుతోంది.

సిస్టర్ చిరాకు ఎగిరిపోయింది. "మిషన్లోనా? అయితే అన్నీ పోయినట్టేనా? రెండో గదిలో పొట్ట తెరిచి గంటయిందక్కా! మూడు ప్యాకులు అక్కడే వాడుతున్నారు!" అంటూ వెనక్కి తిరిగి కేకేసింది. "డాక్టర్ గారూ, ఆపండి! సామాను మంచిది కాదట, ఆపండి!"

లోపల ఏదో ట్రే కింద పడ్డ చప్పుడు. ఎవరో అరిచారు. పొట్ట తెరిచిన మనిషి బల్ల మీద ఉండగా, చేతిలో సామాను వదిలెయ్యమని నేను చెప్పించానన్నమాట. మంచి సామాను. నల్లబడిన చీటీలున్న సామాను. ఒక మనిషిని కాపాడటానికి వచ్చి ఇంకో మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. ఎందుకు? హాల్లో నా పేరు చెడకూడదని!

ఎర్రగీత దాటేశాను. చెప్పులతోనే దాటాను.

"ఆపకండి! మిషన్ బాగానే ఉంది!" నా గొంతు నాకే తెలియనంత గట్టిగా వచ్చింది. "తప్పు నాది. నేను అబద్ధం చెప్పాను సిస్టర్. ఒక్కటే ప్యాక్. పాత టేపు పీకకుండా చుట్టాను. అది మిషన్లోకే వెళ్ళలేదు. దాంట్లో చీటీ తెల్లగా ఉంటుంది, చీటీలు చూడండి!"

సిస్టర్ నన్ను ఒక్క క్షణం చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. తర్వాత రెండో గదిలోకి పరుగెత్తింది. చెత్తబుట్టలో విప్పేసిన గుడ్డల మధ్య వెతుకుతూ ఒక్కో చీటీ బయటికి తీసింది. "నలుపు... నలుపు... ఇదీ నలుపే. డాక్టర్ గారూ, మీది బాగుంది, కానివ్వండి!" అని అరిచింది. అక్కణ్ణుంచి మొదటి గదికి, నేనూ వెనకే. అక్కడ పెద్ద డాక్టర్ గారు గ్లవ్స్ వేసుకున్న చేతులు పైకెత్తి నుంచున్నారు. పక్క బల్ల మీద సామాను పరిచి ఉంది. సిస్టర్ వంగి, బుట్టలోంచి ఒక చీటీ తీసి దీపం కింద పెట్టింది.

తెల్లగా ఉంది.

"కత్తి పెట్టారా?" అన్నాను.

"ఇంకా లేదు," అన్నారు డాక్టర్ గారు. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "ఈ ట్రే మొత్తం తీసెయ్యండి. కొత్తది తెండి. ఈవిణ్ణి ముందు బయటికి పంపండి."

కింద మిగిలిన ప్యాకులు పైకి వచ్చి ఆ ఆపరేషన్ మొదలవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ నేను గీతకు ఇవతల, ఆ చెప్పుల కవరాయన పక్కన కూర్చున్నాను. ఆయన మళ్ళీ అడిగాడు, ఏమైందని. "నా వల్ల ఆలస్యమైంది, బాబూ. మీ ఆవిడకు ఏమీ కాలేదు," అన్నాను. "పోనీలెండి, ఆలస్యమేగా," అన్నాడు ఆ మంచిమనిషి. నాకు ఏడుపు ఆగలేదు.

సూపరింటెండెంట్ గారు నన్నూ బాబాయ్‌నీ పిలిపించారు. తప్పు నాదేనని రాసిచ్చాను. మూడు నెలలు ప్యాకుల బల్ల దగ్గరికి రావద్దన్నారు, సామాను కడిగే తొట్టి దగ్గర పని చెయ్యమన్నారు. "సమయానికి నిజం చెప్పారు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను," అన్నారు. బాబాయ్‌ని ఒక్క మాట అనలేదు. ఇకమీదట ఎవరు చుట్టిన ప్యాక్ అయినా చీటీ చూడాల్సిందేనని సిస్టర్‌కి గట్టిగా చెప్పారు. ఆ హడావిడిలో నేను ముందు అన్న మాట సంగతి ఎవరూ ఎత్తలేదు. సిస్టర్ నావైపు చూసింది, ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను.

శనివారం తొట్టి దగ్గర ఉండగా బాబాయ్ ఒక సంచి పట్టుకొచ్చాడు. ఆరు కమలాపళ్ళు.

"నీ దేవుడెవరో నాకు తెలీదు గానీ అమ్మాయ్, నిన్న ఆయన నా కొంప నిలబెట్టాడు. వేరేవాళ్ళయితే నా నెత్తిన రుద్దేసేవాళ్ళు."

"ఎందుకు బాబాయ్ ఇవన్నీ," అని తీసుకున్నాను. తీసుకున్నాను! సాయంత్రం రెండు తిన్నాను కూడా.

అమ్మగారికి ఎవరి ద్వారానో తెలిసింది. "పాఠం కుదరలేదన్నావుగా, ఇదే చెప్పు. ఉద్యోగం పోతుందని తెలిసీ నిజం చెప్పావు, ఇంతకన్నా సాక్ష్యం ఏముంది?" అన్నారు. సరే అన్నాను.

ఆదివారం హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక వెనక నుంచున్నారు. మైకు పట్టుకుని మొత్తం చెప్పుకుంటూ వచ్చాను. టేపు, చీటీ, మెట్లు, ఎర్రగీత. నాకు మాట బాగా వచ్చు. సూది పడితే వినబడేట్టుగా కూర్చోబెట్టాను అందర్నీ.

"అద్దాల తలుపు తెరుచుకుంది. అప్పుడు నేను, తప్పు నాది అన్నాను."

స్తోత్రం, స్తోత్రం అని హాలంతా మోగింది. అమ్మగారు కళ్ళు ఒత్తుకుంటున్నారు. నేను మాత్రం 'అప్పుడు' అన్న దగ్గరే ఆగిపోయాను. అప్పుడు కాదు. అప్పుడు నేనన్నది వేరు. ఇదిగో, మళ్ళీ పాత టేపు మీదే నొక్కి ప్యాక్ మూసేస్తున్నాను. పైన ఇంత నలుపు, అందరూ మెచ్చుకునే నలుపు. ఆ కమలాపళ్ళు ఇచ్చిన మనిషికి లోపలి చీటీ చూపించలేదు.

మైకు దగ్గరగా పట్టుకున్నాను. "అమ్మా, ఇది ఇంకా పూర్తి కాలేదు. నేను ఒక మనిషికి ఒక మాట చెప్పి రావాలి. అది చెప్పకుండా ఇక్కడ నుంచునే ముఖం నాకు లేదు."

మైకు బల్ల మీద పెట్టి దిగిపోయాను. వెనక గుసగుసలు మొదలయ్యాయి. అమ్మగారు ఏదో అంటున్నారు, వినలేదు. బయట మా ఆయన స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ లోపలికి రాడు.

"అప్పుడే అయిపోయిందా పాఠం?"

"ఆసుపత్రికి పోనివ్వండి."

నా మొహం చూసి, ఆ ఒక్కసారికి ఏమీ అడగలేదు.

ఆదివారం డ్యూటీ బాబాయ్‌దే. మిషన్ నడుస్తోంది, ఆవిరి బుసకొడుతోంది. ఆయన ముళ్ళ మీంచి చూపు తిప్పకుండానే, "ఏంటమ్మాయ్, చీర కట్టుకొచ్చావ్, ఇవాళ సెలవు కదా," అన్నాడు.

"బాబాయ్, శుక్రవారం నేను ముందు నిజం చెప్పలేదు. మిషన్లో తేడా ఉందని చెప్పాను. నీ పేరు అనలేదు గానీ, నీ మీదికే వస్తుందని తెలిసే చెప్పాను. రెండో గదిలో ఆపరేషన్ ఆపేస్తుంటే భయపడి నిజం చెప్పాను. లేకపోతే చెప్పేదాన్నో లేదో నాకే తెలీదు."

బాబాయ్ ముళ్ళనే చూస్తున్నాడు.

"ఆ మాట నిలబడి ఉంటే, సాయంత్రానికి నేను గేటు బయట ఉండేవాణ్ణి," అన్నాడు.

"అవును బాబాయ్."

"మరి పళ్ళెలా తీసుకున్నావ్?"

నేను చీర కొంగు వేలికి చుట్టుకున్నాను.

"తిన్నావా?"

"రెండు తిన్నాను."

"మిగతా నాలుగూ పట్రా."

మళ్ళీ స్కూటర్ ఎక్కాను. ఇంటికెళ్ళి సంచి తీసుకుని వస్తుంటే, "పళ్ళ కోసమా ఈ తిరుగుడంతా?" అన్నాడు మా ఆయన. అవునన్నాను.

తిరిగి వెళ్ళేసరికి మిషన్ ఆగింది. ఆ గదిలో తిండి పెట్టకూడదు కాబట్టి బాబాయ్ వరండాలోకి వచ్చాడు. సంచి అందుకుని లోపల చూశాడు, లెక్క సరిచూసుకున్నట్టే ఉంది. గోడ పక్కన కూర్చుని ఒక పండు ఒలిచాడు. తొక్క జేబులో వేసుకున్నాడు. నేను నుంచునే ఉన్నాను, పొమ్మంటాడో ఏమంటాడో తెలియక. ఆయన పండు రెండుగా విడదీసి, నా మొహం చూడకుండానే సగం నావైపు చాపాడు. తీసుకున్నాను.

"మీవాళ్ళంతా అక్కడ కూర్చునే ఉంటారా?"

"ఉంటారేమో."

"అయితే వెళ్ళి పూర్తి చెయ్యి."

"ఏమని చెప్పను బాబాయ్?"

ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచాడు.

"మిషన్ బాగానే ఉందని చెప్పు," అని తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.